టమాటాకు పొగ పెట్టి చూద్దాం

గానుగ దగ్గర ఉదయం పట్టిన చెరకు రసాన్ని ఒక చెంబులో పోసి వదిలేస్తే సాయంత్రానికి పులుస్తుంది. అదే రసాన్ని పెనంలో కాచి దిమ్మ కడితే, జాగ్రత్త చేసుకున్నవారి ఇంట్లో ఏడాది దాకా నిలుస్తుంది. అనకాపల్లి పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. కాని ఎందుకలా జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? రసంలో ఉన్న తీపే బెల్లంలోనూ ఉంది. నడుమ జరిగిన ముఖ్యమైన మార్పు ఒక్కటే. నీరు పోయింది. తమకు అందే నీరు లేనిచోట సూక్ష్మజీవులు పెరగలేవు. ఆ నీటిని పోగొట్టిన మంట కూడా ఎక్కడినుంచో తెచ్చింది కాదు, ఆ చెరకు తాలూకు ఎండిన పిప్పిదే.

ఈ పద్ధతిని టమాటాకు ఉపయోగించి చూద్దాం. ఎందుకంటే మన కూరగాయల్లో తొందరగా చెడేవాటిలో, బాగా ధర మారేవాటిలో ఇదొకటి. 2023 జూలైలో కిలో టమాటా వంద రూపాయలు దాటి పోయిన సంగతి మీ ఇళ్లలో ఇంకా చెప్పుకుంటూనే ఉంటారు. రాయలసీమలోని మదనపల్లె, పత్తికొండ మార్కెట్లలో పంట ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు కోత కూలి కూడా గిట్టక రైతులు గంపలకొద్దీ రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఉన్నాయి. చవకగా ఉన్న నెలలో దాచి, కరువైన నెలలో తినగలిగితే ఎంత బాగుండును!

ఎండబెడితే సరిపోదా అని మీరు అడగవచ్చు. మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్నాయి గదా? మామిడి ముక్కలు ఒరుగులవుతున్నాయి గదా? ఇక్కడ టమాటా మనకు రెండు చిక్కులు తెచ్చిపెడుతుంది.

మొదటిది దాని ఒంట్లో ఉన్న నీరు. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే. కిలో టమాటాలో తక్కిన పదార్థం అంతా కలిపితే 60 గ్రాములు. బాగా ఎండిన ముక్కలో 15 శాతం నీరు మిగిలిందనుకుంటే చివరికి మన చేతికి వచ్చేది 70 గ్రాములు మాత్రమే. అంటే 930 గ్రాముల నీరు గాలిలోకి పోవాలి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కేలరీలు కావాలని మీరు భౌతికశాస్త్రంలో చదువుకున్నారు. నీరు మరగకుండా మామూలు వేడిలోనే ఆవిరయ్యేటప్పుడు ఇంకాస్త ఎక్కువే కావాలి. తక్కువలో తక్కువ లెక్క వేసినా అయిదు లక్షల కేలరీలు! అంత వేడితో 30 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్లను ఏడు లీటర్లకు పైగా మరిగే స్థితికి తీసుకురావచ్చు. ఒక కిలో టమాటా ఎండటమంటే సూర్యుడు మన పెరట్లో ఇంత పని చేసిపెట్టాలన్నమాట.

రెండో చిక్కు దాని తోలు. పలచగా కనిపించినా దాని మీద మైనం వంటి పూత ఉంటుంది. నీటిని లోపలినుంచి బయటికి, పొగను బయటినుంచి లోపలికి పోనివ్వదు. ఒక టమాటాను గుండుగా, మరొకదాన్ని రెండు చెక్కలుగా కోసి ఒకే చేటలో ఎండలో పెట్టి సాయంత్రం తూచండి. తేడా మీకే తెలుస్తుంది.

దీనికి తోడు మన ఊరి గాలి ఒకటి. అనకాపల్లికి సముద్రం అట్టే దూరం కాదు. వర్షాకాలంలోనైతే ఆరేసిన బట్టలే రెండు రోజులు ఆరవు. ఇక టమాటా చెక్కల సంగతి చెప్పేదేముంది? ఎండేలోగా బూజు పడుతుంది.

ఇటువంటి చిక్కే మెక్సికో దేశంలో కొన్ని వందల ఏళ్ల కిందట వచ్చింది. అక్కడి ఒక రకం మిరపకాయకు కండ మందం. మన గుంటూరు మిరపకాయలా ఎండలో చక్కగా ఎండదు, కుళ్లిపోతుంది. అందుచేత దాన్ని పండనిచ్చి, పొగ మీద ఆరబెట్టడం నేర్చుకున్నారు. దాని పేరు చిపోట్లే. అక్కడి నాహువాట్ల్ భాషలో ఆ మాటకు పొగపెట్టిన మిరప అనే అర్థం. టమాటా అనే మాట కూడా ఆ భాషనుంచి వచ్చిందే. మన పెద్దవాళ్లు కొందరు దీన్ని రామములగ పండు అంటారు. వంగ, మిరప, టమాటా అన్నీ ఒకే కుటుంబపు మొక్కలు గనుక ములగ అన్న పేరు తప్పేమీ కాదు.

మనకు మాత్రం పొగ కొత్తదా? పాతకాలపు ఇళ్లలో కట్టెల పొయ్యి పైన ఉట్టో అటకో ఉండేది. విత్తనాలు, వెల్లుల్లి, చింతపండు అక్కడ చేరేవి. పాడేరు, అరకు వైపు కొండ ఊళ్లలో విత్తనానికి దాచిన మొక్కజొన్న పొత్తులను పొయ్యి మీదుగా దూలానికి వేలాడదీస్తారు. పురుగు పట్టదు, తేమ చేరదు. మన భాషలో ‘పొమ్మనలేక పొగ పెట్టినట్టు’ అని సామెత కూడా ఉంది. రాకూడని చుట్టాలు సూక్ష్మజీవులైతే ఆ సామెత అక్షరాలా నిజమే సుమా.

అయితే ఇక్కడ మనం ఒకచోట ఆగి ఆలోచించాలి. పొయ్యి మీద వేలాడే పొత్తును కాపాడుతున్నది పొగా, వేడిగాలా? రెండూ ఒకే పొయ్యినుంచి లేస్తాయి గనుక పేరంతా కంటికి కనిపించే పొగకే పోయింది. వేడిగాలి చేసే పని ఎంతటిదో లెక్క వేద్దాం.

30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనమీటరు గాలి ఇంచుమించు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. వానరోజున సాపేక్ష ఆర్ద్రత 80 శాతం అనుకుందాం. అంటే అప్పటికే 24 గ్రాములు నిండి ఉంది. మరో 6 గ్రాములకే చోటు మిగిలింది. ఆ గాలినే 60 డిగ్రీలకు వేడిచేస్తే? అప్పుడది దాదాపు 130 గ్రాములు పట్టగలదు. ఉన్నది మాత్రం పాత 24 గ్రాములే. చోటు 6 గ్రాములనుంచి సుమారు 100 గ్రాములకు పెరిగింది! ఆర్ద్రత 20 శాతం లోపుకు పడిపోయింది. గాలిలోంచి ఒక్క చుక్క నీటిని కూడా మనం తీయలేదు, వేడిచేశామంతే. ఆరబెట్టేది ఈ వేడిగాలి. పొగ లేకపోయినా అది ఆరబెడుతుంది.

మరి పొగ ఏం చేస్తుంది? అది తెలియాలంటే కట్టె దేనితో తయారైందో చూడాలి. కట్టెలోనూ, చెరకు పిప్పిలోనూ ముఖ్యంగా మూడు పదార్థాలున్నాయి. సెల్యులోజ్, హెమిసెల్యులోజ్, లిగ్నిన్. గాలి బాగా అందితే ఇవి మండి, బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అవుతాయి. గాలి చాలనప్పుడు మండలేక, వేడికి విరిగి ముక్కలవుతాయి. హెమిసెల్యులోజ్ విరిగితే వచ్చేవాటిలో ఎసిటిక్ ఆమ్లం ఉంది. వెనిగర్‌లోని పులుపు అదే. లిగ్నిన్ విరిగితే గ్వాయకాల్, సిరింగాల్ అనే ఫినాల్ జాతి పదార్థాలు వస్తాయి. ‘పొగ వాసన’ అని మనం పోల్చుకునేది ప్రధానంగా వీటినే. కోటి పాళ్ల నీళ్లలో ఒక్క పాలు గ్వాయకాల్ ఉన్నా ముక్కు పసిగట్టేస్తుంది. పొగలో ఫార్మాల్డిహైడ్ కూడా కొద్దిగా ఉంటుంది. మీ బడిలో జీవశాస్త్రం గదిలో సీసాల్లో కప్పనూ పామునూ చెడకుండా ఉంచే ఫార్మలిన్ ఈ ఫార్మాల్డిహైడ్ ద్రావణమే.

1832లో రైఖెన్‌బాక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కట్టె తారులోంచి ఒక నూనెవంటి ద్రవాన్ని వేరుచేసి దానికి క్రియోసోట్ అని పేరుపెట్టాడు. గ్రీకు మాటల్లో దాని అర్థం మాంసాన్ని కాపాడేది అని. పొగపెట్టిన మాంసం ఎందుకు చెడదో అప్పటికి గాని రసాయనశాస్త్రానికి ఒక ఆనవాలు దొరకలేదు. తర్వాత 1860ల్లో జోసెఫ్ లిస్టర్ గాయాలు చీము పట్టకుండా కార్బాలిక్ ఆమ్లం వాడి శస్త్రచికిత్స రూపమే మార్చేశాడు. కార్బాలిక్ ఆమ్లం అంటే మరేమీ కాదు, ఫినాల్. అటక మీది చింతపండుకూ, ఆసుపత్రిలోని గాయానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉంటుందని ఎవరు అనుకుంటారు?

ఇంత శక్తి ఉన్నా పొగకు ఒక పరిమితి ఉంది. అది పైపైనే ఉండిపోతుంది. టమాటా చెక్క పైభాగం మీద పలచని పొరలా చేరి, పైన వాలిన బూజు బీజాలను కొంతవరకు అడ్డుకుంటుంది. లోపల నీరు ఉన్నంతకాలం లోపలి చెడుగును అది ఆపలేదు. ఇంటికి కాపలావాడిని పెట్టినట్టే, దొంగ ముందే లోపల ఉంటే కాపలావాడేం చేస్తాడు? కాబట్టి నిల్వ ఉంచేది ఎండు. పొగ ఇచ్చేది రుచి, దానితోపాటు కాస్త కాపలా.

ఇక పొగ రెండో ముఖం. సూక్ష్మజీవిని చంపే పదార్థం మన ఊపిరితిత్తులను విడిచిపెడుతుందా? పొగలోని చుక్కలు, మసి రేణువులు చాలావరకు మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్నవి. ముక్కులోని వెంట్రుకలు వాటిని ఆపలేవు. తిన్నగా ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. ఇళ్లలోని పొయ్యిల పొగవల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి గ్యాస్ పొయ్యిలు పల్లెలకు చేరాయి. దానితో అటక మీది పొగ వాసన చాలా ఇళ్లలో పోయింది. పాత రుచులు పోయాయని చింతించేవారు ఉన్నారు. నా మటుకు నాకు ఆ చింత లేదు. ఆ రుచికి ఖరీదు కట్టింది పొయ్యి ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటూ గొట్టం ఊదిన మన అమ్మలు, అమ్మమ్మలు.

మసిలో బెంజోపైరీన్ అనే పదార్థం కూడా ఉంటుంది. లండన్‌లో పొగగొట్టాలు శుభ్రంచేసే కుర్రవాళ్లకు మసివల్ల చర్మ క్యాన్సర్ వస్తున్నదని పెర్సివల్ పాట్ అనే వైద్యుడు 1775లోనే గుర్తించాడు. 1933లో శాస్త్రజ్ఞులు తారులోంచి బెంజోపైరీన్‌ను వేరుచేసి, క్యాన్సర్ కలిగించే గుణం దానికి ఉందని చూపారు. మంట వేడి పెరిగినకొద్దీ ఇది ఎక్కువగా పుడుతుంది. మాంసంనుంచి కొవ్వు కారి నిప్పుల మీద పడినా పుడుతుంది. టమాటాలో కొవ్వు దాదాపు లేదు, అది మన అదృష్టం. మంట లేవనీయకుండా, కొద్దిసేపే, పలచటి పొగ పెట్టడం మన చేతిలో పని.

అందుచేత మన పద్ధతి ఇలా ఉంటుంది. ఆరబెట్టే పెద్ద పనిని సూర్యుడికి అప్పగిద్దాం. నడుమ ఒక్క అరగంట మాత్రం పొగను పిలుద్దాం. టమాటాలు చవకగా దొరికి, ఎండ కూడా ముదిరే మాఘ, ఫాల్గుణ మాసాలు దీనికి అనువైనవి. బెల్లం సీజను కూడా అదే గనుక పిప్పికి కొదవ ఉండదు. నిప్పుతో పని కాబట్టి ఇంట్లో పెద్దవారు పక్కన ఉండితీరాలి.

కండ ఎక్కువగా, గింజలు తక్కువగా ఉన్న గట్టి పండ్లు కిలో తీసుకోండి. మచ్చ పడినవి, పగిలినవి వద్దు. కడిగి, తుడిచి, నిలువుగా రెండేసి చెక్కలు చేయండి. 20 గ్రాముల ఉప్పు కోసిన వైపున చల్లి గంటసేపు వదలండి. గిన్నెలో రసం ఊరుతుంది. ద్రవాభిసరణం అంటే ఏమిటో పుస్తకంలో బొమ్మ చూసిన దానికన్నా ఇక్కడే బాగా తెలుస్తుంది. ఆ రసం పారబోయకండి, చారులో పోయమని అమ్మకు ఇవ్వండి. చెక్కలను కోసిన ముఖం పైకి ఉండేలా వెదురు చేటలో పరచి, పలచని గుడ్డ కప్పి ఎండలో పెట్టండి. మంచు పడకముందే సాయంత్రం లోపలికి తేవాలి. ఇనుప వల వాడదలచుకుంటే స్టెయిన్‌లెస్ స్టీలుదే వాడాలి. జింకు పూత ఉన్న వలను టమాటా ఆమ్లం కరిగిస్తుంది, ఆ జింకు మీ కడుపులోకి చేరుతుంది.

ఒకటి రెండు రోజులకు వేలితో ముట్టుకుంటే తడి అంటదు, కాని జిగురుగా ఉంటుంది. పొగకు సరైన సమయం అదే. పైన నీళ్లు నిలిచి ఉంటే పొగలోని మసి ఆ నీటిలో కలిసి చేదు పుడుతుంది. పూర్తిగా ఎండిపోయాక పెడితే పొగ అంతగా పట్టదు.

వెడల్పు మూతి ఉన్న పాత మట్టికుండ ఒకటి చాలు. కొత్తగా డబ్బా తెచ్చేవారు రంగుల డబ్బా, పురుగుమందుల డబ్బా జోలికి పోవద్దు. కుండ అడుగున ఒక మూకుడులో కొబ్బరి చిప్పల నిప్పులు నాలుగైదు వేయండి. వాటి మీద గుప్పెడు ఎండు చెరకు పిప్పి. కుండ మూతి మీద వెదురు బద్దల తడక, తడక మీద టమాటా చెక్కలు. పైన తడిపిన గోనెపట్టా వదులుగా కప్పి, ఒక పక్క పొగ పోయేందుకు రెండు వేళ్ల సందు ఉంచండి. తడకకూ నిప్పులకూ మధ్య రెండు జానల దూరం ఉండాలి. మంట లేస్తే గాలి తగ్గించండి. పొగ పలచగా, తెల్లగా రావాలి. చిక్కగా, పసుపుపచ్చగా వస్తే గాలి బొత్తిగా చాలడం లేదని అర్థం. గోనె కాస్త తొలగించండి. అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. ఇంట్లో గాని, తలుపులు వేసిన పాకలో గాని ఈ పని చేయరాదు. నిప్పులనుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు, ప్రాణం తీసేదాకా తెలియదు. పూరికప్పుకూ గడ్డిమేటుకూ దూరంగా, గాలి వీచే దిక్కుకు పక్కగా నిలబడండి. పని అయ్యాక నిప్పుల మీద నీళ్లు పోయడం మరవద్దు.

ఏది కాల్చకూడదో కూడా చెప్పాలి. రంగు వేసిన కర్ర, ప్లైవుడ్డు, గన్నేరు కొమ్మలు పనికిరావు. జీడిపిక్కల పెంకులు అసలు వద్దు. మన జిల్లాల్లో అవి తేలిగ్గా దొరుకుతాయి గాని, వాటిలోని నూనె చర్మాన్ని పొక్కిస్తుంది, దాని పొగ కళ్లనూ గొంతునూ కోస్తుంది. పిప్పి కూడా కొత్తగా ఎండిందే కావాలి. కుప్పలో నానిపోయి బూజుపట్టిన పిప్పిని దులిపితే లేచే ధూళి బగాసోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెస్తుంది.

పొగ తర్వాత చెక్కలను మళ్లీ ఎండలో పెట్టాలి. మూడు నాలుగు రోజుల్లో అవి తోలులా వంగి, మధ్యకు చీల్చినా తడి కనిపించని స్థితికి రావాలి. ఇప్పుడు తూచండి. మన లెక్క ప్రకారం 70 గ్రాములు ఉండాలి. ఉప్పు కలిసింది కనుక కొంత ఎక్కువ, రసంలో కారిపోయింది కనుక కొంత తక్కువ రావచ్చు. మీ తరగతిలో పదిమంది చేస్తే పది అంకెలు వస్తాయి. తేడాలు ఎందుకు వచ్చాయో తర్కించుకోండి.

పొగ గొప్పా ఎండు గొప్పా అన్నది నా మాట మీద నమ్మనక్కరలేదు. నాలుగు చెక్కలను ఎండలో మాత్రమే ఎండబెట్టి ఒక సీసాలో, నాలుగింటిని ఎండ, పొగ రెండూ తగిలించి ఒక సీసాలో, మరో నాలుగింటికి పచ్చిగా ఉండగానే పొగ మాత్రం పెట్టి మూడో సీసాలో వేసి మూతపెట్టండి. రోజూ చూసి తేదీ వారీగా రాయండి. మూడో సీసా ముందుగా ఓడిపోతుంది. దాన్ని మూత తీయకుండా పారవేయాలి, రుచి చూడటం మాటే వద్దు.

తినడానికి ఉంచిన సీసాను మొదటి వారం రోజూ ఒకసారి గమనించండి. లోపలి గాజు మీద చెమ్మ కనిపిస్తే ముక్కలు సరిగా ఎండలేదన్నమాట, మళ్లీ ఎండకు తీయాలి. వానాకాలంలో మన బెల్లం దిమ్మ చెమర్చి కారడం చూశారు గదా? గాలిలోని తేమను పీల్చుకునే గుణం చక్కెరకు, ఉప్పుకు ఉంది. ఎండిన టమాటాలో ఈ రెండూ ఉన్నాయి. కనుక గాజు సీసా, బిగుతైన మూత, తీసుకునేటప్పుడు పొడి చెంచా. ఒక్క ముక్కకు బూజు కనిపించినా సీసా అంతా వదులుకోవాలి. వెల్లుల్లి కలిపి నూనెలో ముంచి బయట నిల్వ చేయడం మాత్రం ప్రమాదం. గాలి తగలని ఆ నూనె అడుగున బొటులిజం కలిగించే బాక్టీరియా పెరిగే వీలుంది.

మనవాళ్లకు అన్నంలోనో పాలలోనో పొగవాసన వస్తే కోపం వస్తుంది, కాల్చిన వంకాయ పచ్చడిలో రాకపోతే కోపం వస్తుంది. టమాటా ఈ రెండో జాబితాలోకి చేరుతుంది. నాలుగైదు చెక్కలను గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లతో సహా కందిపప్పులో వేసి ఉడికించమని అడగండి. ఉప్పు మాత్రం చివర్లో, రుచి చూసి వేయాలి. మనం ముందే చల్లిన ఉప్పు ఆ ముక్కల్లోనే ఉంది.